ఒకే ఛార్జింగ్ పోర్ట్: చట్టం ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది

చెన్నై మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో కేబుళ్లు అమ్మే ఏ కొట్టు ముందు నిలబడ్డా ఇప్పటికీ మూడు రకాలు వేలాడుతూ కనిపిస్తాయి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లకు మైక్రో యూఎస్‌బీ. కొట్టువాళ్లు దాన్ని 'వీ8' అంటారు. పాత ఐఫోన్లకు లైట్నింగ్. మిగతా వాటన్నిటికీ టైప్-సి. నోకియా రాజ్యమేలిన రోజుల్లో పరిస్థితి ఇంతకన్నా గజిబిజిగా ఉండేది. నోకియాకు సన్న పిన్ను, సోనీ ఎరిక్సన్‌కు వెడల్పాటి పిన్ను, శాంసంగ్‌కు ఇంకోటి, మోటరోలాకు మరోటి. ఛార్జర్ మర్చిపోయి పెళ్లికి వెళ్లినవాళ్లు "మీది సన్న పిన్నేనా అండీ" అంటూ విడిదింట్లో అందరినీ అడుక్కోవాల్సి వచ్చేది.

యూరోపియన్ యూనియన్ పాలనా యంత్రాంగమైన యూరోపియన్ కమిషన్ లెక్క ప్రకారం 2009 ప్రాంతంలో అక్కడి మార్కెట్లో 30 రకాల ఫోన్ ఛార్జర్లు ఉండేవి. పదేళ్లు తిరిగేసరికి అవి మూడయ్యాయి. ఇప్పుడు చట్టంతో ఒక్కటే మిగిలింది. ఈ తగ్గుదలలో మార్కెట్ వాటా ఎంత, ప్రభుత్వాల వాటా ఎంత అన్న దగ్గరే వాదన అంతా.

చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు ఆఫీసుల్లో పనిచేసే మన తెలుగువాళ్ల మధ్య ఈ మాట వచ్చిందంటే రెండు జట్లవుతారు. "ఫోన్‌కి ఏ రంధ్రం ఉండాలో ప్రభుత్వం చెప్పడమేంటి, కొనేవాడే తేల్చుకుంటాడు కదా" అనేది ఒక జట్టు. "చట్టం రాకపోతే ఆపిల్ ఇప్పటికీ లైట్నింగే అంటగట్టేది" అనేది ఇంకో జట్టు. నేను రెండో వైపే. కాకపోతే ఈ జట్టువాళ్లు గెలిచేశామని అనుకుంటున్న చోట పని సగమే పూర్తయింది. పోర్ట్ ఆకారం ఒకటైంది సరే. ఆ పోర్ట్ వెనకాల ఏముండాలి, దాంట్లో పెట్టే వైరు ఎలాంటిదై ఉండాలి, అది కొనేవాడికి ఎలా తెలియాలి అన్నవి మన దేశంలో ఇంకా గాలికే ఉన్నాయి.

ఒప్పందంతో మొదలై చట్టం దాకా

2009లో వచ్చింది చట్టం కాదు. యూరోపియన్ కమిషన్ పెద్ద ఫోన్ కంపెనీలను కూర్చోబెట్టి మాట్లాడితే, అందరూ మైక్రో యూఎస్‌బీకి సరేనని సంతకాలు చేశారు. ఆపిల్ కూడా చేసింది. అయితే అందులో ఒక వెసులుబాటు ఉంది. ఫోన్‌కే మైక్రో పోర్ట్ పెట్టాలని లేదు. మైక్రో కేబుల్‌ను తమ ఫోన్‌కి కలిపే అడాప్టర్ ముక్క అందుబాటులో ఉంచితే చాలు. ఆపిల్ ఆ ముక్కను విడిగా అమ్మింది. 2012 సెప్టెంబరులో ఐఫోన్ 5తో పాటు సొంతంగా లైట్నింగ్ పోర్ట్ తెచ్చింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు అప్పటి నుంచి పదకొండేళ్లు సాగింది.

ఇక్కడ ఆపిల్‌కు న్యాయం చేయాలి. 2012లో చూస్తే లైట్నింగ్ మంచి పోర్ట్. ఎటు తిప్పి పెట్టినా పడుతుంది, గట్టిగా నిలుస్తుంది. అదే సమయంలో మైక్రో యూఎస్‌బీ వాడినవాళ్లను అడగండి: చీకట్లో తలకిందులుగా గుచ్చి, పోర్ట్ వదులై, చివరికి వైరును ఒక కోణంలో వంచి ఫోన్ కింద పెట్టి ఛార్జింగ్ ఎక్కించినవాళ్లు కోకొల్లలు. రిపేరు కొట్లకు ఛార్జింగ్ బోర్డు మార్చే పని నిత్యం ఉండేది. తిప్పి పెట్టినా పట్టే టైప్-సి ప్రమాణం 2014 ఆగస్టులో గానీ రాలేదు. అంటే ఆపిల్ రెండేళ్లు ముందుంది.

సమస్య ఆ తర్వాతిది. టైప్-సి వచ్చాక, దాన్ని రూపొందించిన కంపెనీల కూటమిలో ఆపిల్ తానూ భాగమై ఉండగా, 2015లో తన మ్యాక్‌బుక్‌కి అదే పోర్ట్ పెట్టుకుని కూడా ఐఫోన్‌కి మాత్రం లైట్నింగే ఉంచింది. లైట్నింగ్ కేబుల్ చేయాలనుకునే ఇతర కంపెనీలు ఆపిల్ లైసెన్సు పథకంలో చేరాలి, గుర్తింపు చిప్ కేబుల్‌లో పెట్టాలి. చిప్ లేని కేబుల్ పెడితే ఈ యాక్సెసరీ పనిచేయకపోవచ్చని ఫోన్ హెచ్చరించేది. కొత్త పోర్ట్‌కి మారితే ఈ ఏర్పాటంతా చేయి జారుతుంది. కొనేవాడు ఫోన్ మార్చడం తేలికే గానీ, ఇంట్లో పోగైన కేబుళ్లు, కారు ఛార్జర్, స్పీకర్ డాక్ అన్నీ వదిలి వెళ్లడం అంత తేలిక కాదు. "కొనేవాడే తేల్చుకుంటాడు" అన్న వాదన ఇక్కడ నిలబడదు. ఐఫోన్ కావాలనుకున్నవాడికి పోర్ట్ విషయంలో ఎంచుకోవడానికి ఏమీ లేదు.

2021 సెప్టెంబరులో యూరోపియన్ కమిషన్ చట్టం ప్రతిపాదించింది. 2022 అక్టోబరు 4న యూరోపియన్ పార్లమెంటు 602 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా పడినవి 13. ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, హెడ్‌ఫోన్లు, ఇయర్‌బడ్స్, పోర్టబుల్ స్పీకర్లు, చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ పరికరాలు, ఈ-రీడర్లు, కీబోర్డులు, మౌస్‌లు, నావిగేషన్ పరికరాలకు 2024 డిసెంబరు 28 గడువు. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28. తప్పదు కాబట్టి పాటిస్తామని 2022 అక్టోబరులోనే ఆపిల్ మార్కెటింగ్ అధిపతి గ్రెగ్ జోస్వియాక్ ఒక సదస్సులో చెప్పారు. 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15 టైప్-సితో వచ్చింది.

యూరప్‌కి ఒక ఫోన్, మిగతా ప్రపంచానికి ఒక ఫోన్ చేయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. అందుకే బ్రస్సెల్స్‌లో చేసిన చట్టానికి చెన్నై పక్కన శ్రీపెరుంబుదూర్‌లో ఐఫోన్ 15 బిగించే లైనుమీద కూడా టైప్-సి పోర్టే వచ్చింది. మన దేశంలో ఎవరూ ఏ గెజిట్టూ విడుదల చేయకుండానే మన చేతిలో ఫోన్ మారిపోయింది. ఇది మంచిదే, కానీ ఇందులో ఒక ఇబ్బంది ఉంది. పెద్ద కంపెనీల ఖరీదైన సామాను యూరప్ వల్ల దానంతటదే మారుతుంది. యూరప్‌కి వెళ్లని, మన మార్కెట్లోనే తిరిగే చవక సామాను మారదు. అవే మన జనం ఎక్కువగా కొనేవి.

కొత్తదనం ఆగిపోతుందా?

చట్టాన్ని వ్యతిరేకించేవాళ్ల అతి బలమైన వాదన ఇది. ఒకే కనెక్టర్‌ను నిర్బంధిస్తే కొత్త ఆవిష్కరణలను ప్రోత్సహించడం పోయి అడ్డుకున్నట్టవుతుందని 2021లో ఆపిల్ చెప్పింది. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. 2009 ఒప్పందాన్నే అప్పట్లో గట్టి చట్టంగా చేసి ఉంటే? మైక్రో యూఎస్‌బీ అన్ని ఫోన్లకూ తప్పనిసరి అయ్యేది. టైప్-సి వచ్చాక కూడా చట్టం సవరించేదాకా ఎవరూ దాన్ని పెట్టగలిగేవారు కాదు. ఆ వదులైపోయే పోర్ట్‌తో ఇంకొన్నేళ్లు అవస్థ పడేవాళ్లం. అప్పట్లో చట్టం చేయకపోవడమే మేలైంది.

అయితే 2022 నాటికి పరిస్థితి వేరు. టైప్-సి అప్పటికి ఎనిమిదేళ్ల పాతది, ఆండ్రాయిడ్ ఫోన్లలో స్థిరపడింది, ల్యాప్‌టాప్‌లలోకీ వచ్చేసింది. చట్టం కొత్తదాన్ని ఎంపిక చేయలేదు, గెలిచినదానికి ముద్ర వేసింది. పైగా ఆకారం కదలకుండా ఉన్నా లోపల సత్తా పెరుగుతూనే ఉంది. ఒకప్పుడు 100 వాట్లకు పరిమితమైన యూఎస్‌బీ పవర్ డెలివరీ (వేగంగా ఛార్జింగ్ ఎక్కించే ఉమ్మడి పద్ధతి) 2021లో అదే పోర్ట్‌లో 240 వాట్లకు చేరింది. డేటా వేగం సెకనుకు 480 మెగాబిట్ల నుంచి 80 గిగాబిట్ల దాకా వెళ్లింది. ఎవరి చట్టమూ లేని లైట్నింగ్ మాత్రం ఐఫోన్లలో 480 మెగాబిట్ల దగ్గరే ఉండిపోయింది. అంటే ఈ కథలో కొత్తదనాన్ని ఆపింది చట్టం కాదు, సొంత పోర్ట్.

యూరోపియన్ చట్టం అవసరమైతే ప్రమాణాన్ని మార్చే అధికారం కమిషన్‌కి ఇచ్చింది, ప్రతిసారీ కొత్త చట్టం చేయక్కర్లేదు. మన దగ్గర నియమం వచ్చినప్పుడు ఇన్నేళ్లకోసారి తప్పక తిరగతోడాలన్న తేదీ అందులోనే రాసి ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత మన పిల్లలు టైప్-సిని ఇప్పుడు మనం మైక్రోని తిట్టుకున్నట్టు తిట్టుకుంటారు.

పోర్ట్ ఉంది, ఛార్జింగ్ ఎక్కదు

రిచీ స్ట్రీట్‌లో తెలుగు మాట్లాడే కొట్టతని దగ్గరికి ఒక కుర్రాడు ట్రిమ్మర్ పట్టుకొచ్చాడు. "అన్నా, రెండు వైపులా సీ ఉన్న కేబుల్ పెడితే ఎక్కడం లేదు. కేబుల్ పోయిందేమో చూడు." కొట్టతను తన టెస్టర్‌కి పెట్టి చూసి, "కేబుల్ బ్రహ్మాండంగా ఉంది తమ్ముడూ. నీ ట్రిమ్మర్ పాత ఛార్జర్‌తోనే ఎక్కుతుంది" అన్నాడు. పాత వెడల్పు యూఎస్‌బీ ఛార్జర్‌కి పెట్టగానే ఎర్ర లైటు వెలిగింది.

ఇది కేబుల్ తప్పు కాదు, ఛార్జర్ తప్పూ కాదు. టైప్-సి ఛార్జర్‌ను గోడకు పెట్టి ఊరికే వదిలేస్తే దాని కొసన కరెంటు ఉండదు. అవతల పరికరం ఉందని తెలిశాకే ఇస్తుంది. పోర్ట్‌లోని 24 పిన్నుల్లో రెండు ఈ కబురు కోసమే ఉన్నాయి; వాటిని సీసీ పిన్నులంటారు. పరికరం లోపల ఆ రెండిటికీ చెరొక 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. ఛార్జర్ ఆ రెసిస్టర్‌ను పసిగట్టి 5 వోల్టులు వదులుతుంది. చవక ట్రిమ్మర్లు, ఇయర్‌బడ్స్, బ్లూటూత్ స్పీకర్లు, చేతి ఫ్యాన్లు చేసే కొందరు పాత మైక్రో పోర్ట్ తీసేసి ఆ చోట టైప్-సి పోర్ట్ అతికిస్తారు గానీ రెసిస్టర్లు పెట్టరు. పాత వెడల్పు యూఎస్‌బీ ఛార్జర్ ఎవరినీ అడగకుండా ఎప్పుడూ 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది కాబట్టి దానితో పనిచేస్తాయి. నిజమైన టైప్-సి ఛార్జర్ పరికరమే లేదనుకుని ఊరుకుంటుంది. పైన పటారం, లోన లొటారం.

ఆ రెండు రెసిస్టర్ల ఖరీదు పైసల్లో ఉంటుంది. దానికోసం కొనేవాడు పాత ఛార్జర్ ఒకటి దాచిపెట్టుకోవాలి, ఒకే ఛార్జర్ అన్న మాటకు అర్థం లేకుండా పోతుంది. ఇది చవక కంపెనీల పొరపాటే అనుకోనక్కర్లేదు. 2019లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో రెండు సీసీ పిన్నులకూ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టారు. దాంతో లోపల చిప్ ఉన్న మంచి కేబుల్ పెడితే ఛార్జర్ దాన్ని ఆడియో పరికరం అనుకుని కరెంటు ఇచ్చేది కాదు. తర్వాతి బోర్డుల్లో సరిచేశారు. అంత పేరున్న ఇంజినీర్లకే తప్పిందంటే, పరీక్షే లేని చోట ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

కేబుల్ తప్పు ఇంకా ప్రమాదం. వెడల్పు యూఎస్‌బీ నుంచి టైప్-సికి వెళ్లే కేబుల్‌లో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. దాని స్థానంలో 10 కిలో ఓమ్‌లది పెడితే "అవతల 3 ఆంపియర్లు సిద్ధంగా ఉన్నాయి, లాక్కో" అని ఫోన్‌కి అబద్ధం చెప్పినట్టు. ఫోన్ లాగుతుంది, అంత ఇవ్వలేని పాత ఛార్జర్ లేదా ల్యాప్‌టాప్ పోర్ట్ వేడెక్కుతుంది, కాలిపోవచ్చు కూడా. 2015లో గూగుల్ ఇంజినీరు బెన్సన్ లియుంగ్ ఆన్‌లైన్‌లో అమ్మే కేబుళ్లను ఒక్కొక్కటిగా కొని పరీక్షించి ఈ తప్పు ఎంత విరివిగా ఉందో బయటపెట్టారు. తర్వాత వైర్లే తారుమారైన ఒక కేబుల్ ఆయన ల్యాప్‌టాప్‌నే పాడుచేసింది.

ఇక వేగం సంగతి. ఫోన్, ఛార్జర్ రెండూ పవర్ డెలివరీ పాటిస్తే అవి ముందు బేరమాడుకుంటాయి: నా దగ్గర 5, 9, 15, 20 వోల్టులు ఉన్నాయి, నీకేది కావాలి అని ఛార్జర్ చెబితే ఫోన్ ఎంచుకుంటుంది. వన్‌ప్లస్, ఒప్పో లాంటి కంపెనీల సూపర్‌వూక్ దారి వేరు. అది వోల్టులు తక్కువగా ఉంచి ఆంపియర్లు ఎక్కువ పంపుతుంది. 65 వాట్ల రకంలో 10 వోల్టులు, 6.5 ఆంపియర్లు. దానికి దాని కేబులే కావాలి. అదే ఫోన్‌ను పక్కింటివాళ్ల పవర్ డెలివరీ ఛార్జర్‌కి పెడితే చాలా మోడళ్లు నత్తనడక నడుస్తాయి. పోర్ట్‌లో చక్కగా పడుతుంది, కానీ అరగంటలో నిండేది గంటలు తింటుంది. యూరోపియన్ చట్టం ఈ విషయాన్ని వదల్లేదు. 5 వోల్టులు, 3 ఆంపియర్లు, 15 వాట్లు, వీటిలో దేన్ని దాటినా ఆ పరికరం పవర్ డెలివరీని పూర్తిగా పాటించాల్సిందే. సొంత పద్ధతి దానికి అదనంగా ఉండొచ్చు. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే, వార్తల్లో అన్నిటికన్నా తక్కువగా వచ్చినదీ ఇదే.

అడాప్టర్ మీద సన్న అక్షరాలు చదవడం నేర్చుకుంటే చాలా మోసాలు తప్పుతాయి. 65 వాట్ల అడాప్టర్ అని డబ్బా మీద పెద్దక్షరాలుంటే, కింద అవుట్‌పుట్ దగ్గర 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉందా చూడండి. రెండూ గుణిస్తే 65 రావాలి. రెండు పోర్టులున్నదైతే రెండూ ఒకేసారి వాడినప్పుడు ఎంతెంత వస్తుందో వేరే రాసి ఉంటుంది. చాలావాటిలో 65 రెండుగా చీలుతుంది. కేబుల్ దగ్గరికొస్తే ఈ సదుపాయం లేదు. లోపల గుర్తింపు చిప్ లేని టైప్-సి కేబుల్ 3 ఆంపియర్లు, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు మాత్రమే మోయాలి. చిప్ ఉంటేనే 5 ఆంపియర్లు. బయట నుంచి చూస్తే రెండూ ఒకటే. యూఎస్‌బీ కూటమి 2021లో 60, 240 వాట్ల గుర్తులు తెచ్చింది గానీ కూటమి ధ్రువీకరణ తీసుకోని కేబుళ్ల మీద అవి ఉండవు. రిచీ స్ట్రీట్ కేబుళ్ల మీద ఆ గుర్తు కోసం వెతికితే ఓపిక నశిస్తుంది.

చెత్త తగ్గుతుందన్న మాట

చట్టాన్ని సమర్థించేవాళ్లు ముందుగా చెప్పేది ఈ-వ్యర్థాల గురించే. పారేసిన, వాడని ఛార్జర్ల వల్ల యూరప్‌లో ఏటా 11,000 టన్నుల చెత్త వస్తోందని కమిషన్ అంచనా. కొత్త నియమంతో ఏటా 980 టన్నుల దాకా తగ్గుతుందని అదే కమిషన్ చెప్పింది. ప్రపంచమంతా కలిపి 2022లో పోగైన ఈ-వ్యర్థాలు 6.2 కోట్ల టన్నులు. ఆ లెక్కన ఇది సముద్రంలో కాకిరెట్టంత కూడా కాదు. ఆ పైన పనికిరాకుండా పోయిన లైట్నింగ్ కేబుళ్లన్నీ కొన్నేళ్లపాటు చెత్తలోనే చేరతాయి. ఒక మంచి చట్టాన్ని బలహీనమైన కారణంతో సమర్థించడం నాకు నచ్చదు. కొనేవాడు ఒక కంపెనీకి కట్టుబడకుండా ఉండటం, ఊరెళ్తే ఒకే అడాప్టర్ పట్టుకెళ్లడం, అవసరంలో ఎవరి ఛార్జరైనా అడగగలగడం, ఇవే చాలు చట్టానికి.

ఛార్జర్ లేకుండా ఫోన్ అమ్మడం కూడా చెత్త పేరుతోనే మొదలైంది. 2020 అక్టోబరులో ఐఫోన్ 12తో ఆపిల్ డబ్బాలోంచి అడాప్టర్ తీసేసింది. ఛార్జర్ లేని ఐఫోన్లు అమ్మొద్దని బ్రెజిల్ 2022లో ఆదేశించి జరిమానా వేసింది. యూరప్ మధ్యేమార్గం పట్టింది: ఛార్జర్‌తోనా, లేకుండానా అన్నది కొనేవాడే ఎంచుకోవాలి, ఛార్జర్ ఉందో లేదో డబ్బా మీద బొమ్మ ఉండాలి, ఎన్ని వాట్లు కావాలో రాయాలి. మనకూ అదే కావాలి. ఇంట్లో నాలుగు అడాప్టర్లున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి సంగతి వేరు, మొదటిసారి స్మార్ట్‌ఫోన్ కొనే అమ్మమ్మ సంగతి వేరు.

మన దగ్గర ఏం జరిగింది

2022 ఆగస్టు 17న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలతో, పరిశ్రమ సంఘాలతో మొదటి సమావేశం పెట్టింది. నవంబరు 16న జరిగిన సమావేశంలో స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సి అన్నదానికి అందరూ ఒప్పుకున్నారు. ఫీచర్ ఫోన్లకు వేరే పోర్ట్ ఉండొచ్చన్నారు. చేతి గడియారాల లాంటి వాటికి ఏం చేయాలో చూడటానికి ఉపబృందం వేశారు. 2023 జనవరిలో భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ టైప్-సి ప్రమాణం విడుదలైన సంగతి ప్రకటించారు. యూరప్ తన చట్టంలో పట్టుకున్న అంతర్జాతీయ ప్రమాణాల కుటుంబమే ఇది, సంఖ్య 62680. సాంకేతికంగా కొత్తగా రాయాల్సిందేమీ లేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బీఐఎస్ ప్రమాణం ప్రకటించడం వేరు, దాన్ని తప్పనిసరి చేయడం వేరు. ప్రభుత్వం వేరే ఉత్తర్వు ఇస్తే గానీ ప్రమాణం ఎవరినీ కట్టడి చేయదు. అలాంటి ఉత్తర్వు మన ఛార్జర్లకు ఇప్పటికే ఒకటి ఉంది. మీ అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు కింద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. షాక్ కొట్టకుండా, మంట అంటుకోకుండా ఉండేలా పరీక్షించి నమోదు చేశారని దానికి అర్థం. అంటే పరీక్షించే ల్యాబులు, నమోదు చేసే పద్ధతి, తనిఖీ చేసే యంత్రాంగం అన్నీ ఉన్నాయి. అదే జాబితాలో పోర్ట్ పరీక్షను కూడా చేర్చడమే మిగిలింది.

కంపెనీల ఇబ్బందులూ వినాలి. భారత్ ఈ నియమం పాత ఐఫోన్లకూ వర్తింపజేస్తే ఉత్పత్తి ప్రోత్సాహక పథకం లక్ష్యాలు దెబ్బతింటాయని ఆపిల్ అధికారులకు చెప్పినట్టు 2023 డిసెంబరులో రాయిటర్స్ రాసింది. మన దగ్గర పాత మోడళ్లకూ మంచి గిరాకీ ఉందన్నది నిజం, ఆ ఫోన్లు బిగించే ఉద్యోగాలు శ్రీపెరుంబుదూర్ చుట్టుపక్కలే ఉన్నాయన్నదీ నిజం. 2014లో మూతపడిన నోకియా ఫ్యాక్టరీ ఆవరణను తర్వాత తీసుకున్నది ఛార్జర్లు చేసే సాల్‌కాంప్. తడ దగ్గర శ్రీసిటీలో 2015 నుంచీ ఫోన్లు తయారవుతున్నాయి. ఐఫోన్ కేబుళ్లు చేసే ఫాక్స్‌లింక్ తిరుపతి దగ్గరే పెట్టింది. 2023 ఫిబ్రవరిలో అక్కడ జరిగిన అగ్నిప్రమాదం వార్తలు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఈ బతుకుతెరువులతో ఆడుకోకూడదు. అందుకే గడువు ముందే చెప్పాలి, కొత్త మోడళ్లతో మొదలుపెట్టాలి. కానీ పాత మోడళ్ల అభ్యంతరం రోజురోజుకీ దానంతటదే కరిగిపోతోంది, లైట్నింగ్ ఐఫోన్లు కొత్తగా రావడం లేదు. దాన్ని చూపించి మొత్తం నియమాన్ని పక్కన పెట్టడం కుదరదు.

ఫీచర్ ఫోన్ల మినహాయింపు గురించి నాకు గట్టి అభ్యంతరం ఉంది. వెయ్యి, పదిహేను వందల ఫోన్ మీద ఖర్చు పెరుగుతుందన్నది వాదన. ఆ ఫోన్లకు పవర్ డెలివరీ చిప్ అక్కర్లేదు, వేగం అక్కర్లేదు. టైప్-సి ప్రమాణం మామూలు 5 వోల్టుల ఛార్జింగ్‌ను ఒప్పుకుంటుంది. కావాల్సింది పోర్ట్, ఆ రెండు రెసిస్టర్లు. ఇంట్లో కొడుకు ఫోన్‌కి టైప్-సి, తండ్రి ఫోన్‌కి మైక్రో ఉంటే ఛార్జర్ పాడైన రోజు ఇబ్బంది పడేది తండ్రే. గడువు ఏడాదో రెండేళ్లో ఎక్కువ ఇవ్వండి, శాశ్వతంగా వేరే వరుసలో కూర్చోబెట్టొద్దు.

నియమం రాసేవాళ్లు చూడాల్సినవి ఇంకో రెండు. టైప్-సి పోర్ట్ ఉన్న ప్రతి వస్తువూ, అది ఫోనైనా ట్రిమ్మరైనా, రెండు వైపులా సీ ఉన్న మామూలు కేబుల్‌తో ఛార్జింగ్ ఎక్కాలి. ఎక్కకపోతే దాన్ని టైప్-సి అని అమ్మకూడదు. ప్రతి కేబుల్ మీద ఎన్ని వాట్లో చెరిగిపోని అక్షరాల్లో ఉండాలి. ఈ రెండూ చాలా సులువైన పరీక్షలు. తరమణిలోని బీఐఎస్ దక్షిణ ప్రాంతీయ కార్యాలయం నుంచి రిచీ స్ట్రీట్‌కి గంట ప్రయాణం కూడా ఉండదు. ఒక కేబుల్, ఒక టైప్-సి ఛార్జర్ పట్టుకుని ఆ వీధిలో ఒక పూట తిరిగితే ఏం తనిఖీ చేయాలో తెలిసిపోతుంది.

వైరే లేకపోతే

యూరోపియన్ నియమం వైరుతో ఛార్జ్ అయ్యే పరికరాలకే వర్తిస్తుంది. అసలు పోర్టే లేని ఫోన్ రేపు వస్తే దానికి టైప్-సి పెట్టమని అడగలేరు. వైర్‌లెస్‌లోనూ ఎవరి పద్ధతి వాళ్లదైతే ముప్పై రకాల పిన్నుల కాలం మళ్లీ మొదలవుతుంది. అందుకే కమిషన్ వైర్‌లెస్ ప్రమాణం మీద కూడా దృష్టి పెట్టాలని చట్టంలోనే రాశారు. ఇక్కడ ఒక మంచి పరిణామం ఉంది. 2023లో వచ్చిన క్యూఐ2 అనే వైర్‌లెస్ ఛార్జింగ్ ప్రమాణానికి ఆధారం, ఫోన్‌కి ఛార్జర్‌ను అయస్కాంతంతో అతికించే ఆపిల్ మాగ్‌సేఫ్ అమరికే, దాన్ని ఉమ్మడి ప్రమాణం కోసం ఇచ్చింది ఆపిలే. లైట్నింగ్‌తో చేయనిది ఈసారి చేసింది. బలమైన చట్టం ఒకసారి వస్తే తర్వాతి పోర్ట్ దగ్గర కంపెనీలు ముందుగానే సర్దుకుంటాయని నేను అనుకోవడానికి కారణం ఇదే. మన ఉపబృందం గడియారాల గురించి ఆలోచిస్తున్నప్పుడే వైర్‌లెస్ ఛార్జింగ్‌ను కూడా తన పనిలో చేర్చుకోవాలి. చేతి గడియారాల్లో చాలావాటికి ఇప్పటికే పోర్ట్ లేదు, ఒక్కో కంపెనీకి ఒక్కో అయస్కాంతపు పళ్లెం ఉంది.